పాస్ శాతానికి బోనస్ ముడిపెట్టొద్దు

ప్రోత్సాహకం ఇస్తే టీచర్లు బాగా చెబుతారా? ఈ ప్రశ్నకు జవాబు మన పల్లె బడుల్లోనే దొరికింది. దాన్ని పట్టించుకోనిది మన ప్రభుత్వాలే.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఆదిలాబాద్, నిజామాబాద్, విశాఖపట్నం, కడప, నెల్లూరు జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాని ఫలితాలను లెక్కగట్టారు. పిల్లల సగటు మార్కులు 5 శాతానికి మించి పెరిగితే, ఆపై ఒక్కో శాతానికి టీచరుకు 500 రూపాయల బోనస్. వంద బడుల్లో ఎవరి పిల్లల ప్రగతికి వారికే, మరో వంద బడుల్లో అందరికీ కలిపి. రెండేళ్లలో రెండుచోట్లా లెక్కలు, తెలుగు మెరుగుపడ్డాయి. బోనస్‌లో లేని సైన్సు, సోషల్ కూడా మెరుగుపడ్డాయి. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. బడికి వచ్చిన రోజున ఎక్కువ చెప్పారు, అంతే.

అసలు సంగతి ఐదేళ్లకు తేలింది. విడిగా బోనస్ అందిన బడుల్లో పిల్లలు ఇంకా ముందుకెళ్లారు. కలిపి ఇచ్చిన చోట ఫలితం నిలవలేదు. ముగ్గురు నలుగురు టీచర్లున్న బడిలోనే అలా అయితే, పదిహేనుమంది ఉండే హైస్కూలు మాటేమిటి? అక్కడ అధికారుల కంటికి ఆనేది ఒక్కటే, పదో తరగతి పాస్ శాతం. అదీ అందరి ఉమ్మడి ఫలితమే. దానికి సన్మానం, పదోన్నతి, డబ్బు ఏది ముడిపెట్టినా తప్పే. ఇది మా తీర్పు.

భాగహారం రాకుండా ఆరో తరగతికి వచ్చిన పిల్లవాడి లోటు, నాలుగేళ్లు పోయాక పదికి చెప్పే లెక్కల సారు నెత్తిన పడుతుంది. ఆయన 35 మార్కుల అంచున ఉన్నవాళ్లను ఏరి స్పెషల్ క్లాసులు పెడతాడు. 15 దగ్గర ఆగినవాడి జోలికి పోడు. ఆరు, ఏడు తరగతుల గురించి అడిగే నాథుడుండడు. ఇక అడ్డదారులు సరేసరి. 2023లో తాండూరులో పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రం పరీక్ష మొదలైన కాసేపటికే వాట్సాప్‌లోకి ఎక్కింది. పైసా బోనస్ లేనప్పుడే ఇది! మార్కుల మీద ఒత్తిడి పెరిగి పిల్లల జవాబుపత్రాల్లో జవాబులు మార్చిన అమెరికాలోని అట్లాంటా టీచర్లకు 2015లో శిక్షలు పడ్డాయి.

అలాగని ఉన్న పద్ధతిని వెనకేసుకురాలేం. హైదరాబాద్‌లోని వారాసిగూడ, తార్నాక అద్దె గదుల్లో ఏళ్లతరబడి తెలంగాణ డీఎస్సీకి చదివి, 2024లో 11,062 పోస్టుల కోసం పోటీపడ్డవాళ్లను చూడండి. ఉద్యోగం రాకముందు వాళ్లకు అన్నీ పరీక్షలే. వచ్చాక 6, 12, 18, 24 ఏళ్ల సర్వీసు స్కేళ్లు పిల్లల చదువుతో నిమిత్తం లేకుండా వస్తాయి. చెప్పినవాడికీ చెప్పనివాడికీ ఒకటే. ఈ సంగతి టీచర్ల సంఘాల నాయకులకూ తెలుసు. మరోవైపు డీఏ బకాయిలు పేర్చుకుంటూ పోయే సర్కారు బోనస్ ఇస్తానంటే నమ్మేదెవరు?

బకాయిలు ముందు తీర్చండి. జూన్‌లో ఆరో తరగతిలో చేరే ప్రతి పిల్లవాడి స్థాయిని, ఆ బడితో సంబంధం లేనివారితో పరీక్షించి రాసిపెట్టండి. ఏడాది చివర మళ్లీ చూసి, సబ్జెక్టు టీచరుకు తన పిల్లల ఎదుగుదలను బట్టి బోనస్ ఇవ్వండి. మధ్యలో బడి మానేసిన పిల్లలను లెక్కలోంచి తీసేయొద్దు. అంత ఓపిక విద్యాశాఖకు లేకపోతే ప్రోత్సాహకం ఊసే ఎత్తొద్దు.