ధాన్యం మార్చినంత మాత్రాన పథ్యమగునా?

నడివయస్సులో మధుమేహం ఉన్నదని తెలియగానే మనవారు మొట్టమొదట చేసే పని వరి అన్నం మానివేయడం. అన్నం మానినవారే రాత్రికి అయిదారు చపాతీలు, ఉదయం పెద్ద గ్లాసుడు రాగిజావ సేవించి, పథ్యం పాటిస్తున్నామని తృప్తి చెందుతారు. రక్తంలో చక్కెర మాత్రం తగ్గదు. దోషం ధాన్యం పేరులో లేదు, పరిమాణంలో ఉన్నదని నా దృఢాభిప్రాయం.

వరి, గోధుమ, జొన్న, రాగి, వీటిలో దేనిని తీసుకున్నా 100 గ్రాములలో సుమారు 65 నుండి 78 గ్రాములు పిండిపదార్థమే. అది జీర్ణమై గ్లూకోజుగా రక్తంలో చేరుతుంది. పీచు గల ముడిధాన్యం నెమ్మదిగా జీర్ణమగుట వాస్తవమే. కాని దానిని మెత్తగా విసరి జావ కాచినచో ఆ మేలు చాలవరకు తగ్గిపోతుంది. పంచదారకు బదులు బెల్లం వాడినా ఫలితం శూన్యం.

చరక సంహిత చికిత్సాస్థానం 6వ అధ్యాయం ప్రమేహరోగికి యవలను ముఖ్యాహారంగా చెప్పినను, పాతబియ్యపు అన్నాన్ని నిషేధించలేదు. కదలక కూర్చుండుట, అతినిద్ర, పెరుగు, కొత్తధాన్యం, బెల్లపు వంటకాలు రోగకారణాలని పేర్కొన్నది. స్థూలకాయునికీ, కృశించినవానికీ ఒకే చికిత్స తగదన్నది.

కావున కంచంలో సగభాగం బీర, పొట్ల, సొర, కాకర, తోటకూర వంటి కూరలు, పావుభాగం పప్పు ఉండవలెను. మిగిలిన పావుభాగమే అన్నమైనా, రొట్టె అయినా. ముందుగా కూర, పప్పు తిని, పిదప అన్నం తినుట మేలు. భోజనానంతరం పది పదిహేను నిమిషాలు నడచినచో కండరాలు గ్లూకోజును వినియోగించుకుంటాయి. భోజనం ప్రారంభించిన రెండు గంటలకు రక్తపరీక్ష చేయించుకొనిన, ఏ ఆహారం తనకు సరిపడునో ఎవరికి వారికే తెలియగలదు.

ఒక హెచ్చరిక. పథ్యం కుదిరినదని మాత్రలు గాని, ఇన్సులిన్ గాని సొంతంగా మానరాదు. వాటిని వాడుతూ ఆహారం హఠాత్తుగా తగ్గించినచో చక్కెర 70 మిల్లీగ్రాములకన్న దిగువకు పడి చెమట, వణుకు, స్పృహ తప్పుట సంభవించవచ్చును. ఆహారం మార్చుటకు ముందే వైద్యునికి తెలిపి, మందు మోతాదు సరిచేయించుకొనవలెను. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు పప్పు పరిమాణమును సైతం అడిగి తెలుసుకొనవలెను. బరువు తగ్గి కృశిస్తున్నవారు ఉపవాసాల జోలికి పోరాదు.

పథ్యమనగా ఒక ధాన్యాన్ని వెలివేయుట కాదు, ప్రతి పూటా కొలత తప్పకుండుట.