‘గ్యాస్’ అని తేల్చేయకండి

అమీర్‌పేటలో కోచింగ్, ఎస్సార్ నగర్‌లో హాస్టల్. పొద్దున టిఫిన్ ఎగ్గొట్టి 2 టీలు, రాత్రి 11 గంటలకు ఫ్రైడ్ రైస్, తిన్న పది నిమిషాలకే మంచమెక్కి ల్యాప్‌టాప్. ఇక గుండెల్లో మంట రాకుండా ఎలా ఉంటుంది? వస్తే రూమ్మేట్ బ్యాగులో పాన్-డి ఉండనే ఉంటుంది.

నాకు చిరాకు ఆ మాత్ర మీద కాదు, ‘గ్యాస్’ అనే మాట మీద. కడుపుబ్బరం, అజీర్తి, ఛాతీలో మంట, చివరికి గుండెనొప్పి.. అన్నిటికీ అదే పేరు. ‘యాప్ పనిచేయట్లేదు’ అని ఒక్క ముక్క రాసిన బగ్ రిపోర్టు లాంటిదే ఇదీ. దాంతో ఎవరూ ఏమీ చేయలేరు.

అన్నవాహిక చివర ఒక కండరం తలుపులా పనిచేస్తుంది. అది వదులైతే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. రొమ్ము ఎముక వెనక మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు. తిన్నాక, వంగినప్పుడు, పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది. పేరులో గుండె ఉన్నా గుండెకి సంబంధం లేదు. భోజనానికీ పడకకీ మధ్య 2-3 గంటలు ఎడం ఇస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. సిగరెట్ సంగతి మీకు నేను చెప్పాలా?

వారానికి రెండుసార్లకు మించి వస్తున్నా, 2 వారాలు మాత్రలు వాడినా తగ్గకపోయినా డాక్టర్‌కి చూపించుకోండి. మింగడం కష్టమవుతున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా అన్నాళ్లు కూడా ఆగొద్దు. వాంతిలో రక్తం పడినా, విరేచనం తారులా నల్లగా అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఛాతీ మీద బండ పెట్టినట్టు నొక్కేస్తూ, నొప్పి చెయ్యికో దవడకో పాకుతూ, చెమటలు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి. సోడా తాగిస్తూ కూర్చోవద్దు. ఈసీజీ తీయకుండా ఒక్కోసారి డాక్టర్లే తేల్చలేరు, రూమ్మేట్ ఎంత? ఇది మీకన్నా ఊళ్లో ఉన్న మీ నాన్నకి వచ్చే అవకాశమే ఎక్కువ. ‘ఏం లేదురా, గ్యాస్’ అని ఆయన ఫోన్‌లో అన్నా ఒప్పుకోకండి.

ఫీజుకి డబ్బుల్లేవంటారా? హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాల్లో ఉచితంగా చూస్తారు. వెళ్లేముందు ఓ వారం ఫోన్‌లో రాసుకోండి: మంట ఎప్పుడొచ్చింది, ముందు ఏం తిన్నారు, ఏ మాత్రలు ఎన్ని వేసుకున్నారు. తలనొప్పికని ఖాళీ కడుపుతో మింగిన నొప్పి మాత్రలు కూడా అందులో ఉండాలి, కడుపుని పాడుచేసేవాటిలో అవీ ఉన్నాయి.