గ్యారేజి కబుర్లు: కారు కప్పు గుడ్డ జారిందా?

పాత కార్ల మీద మోజున్న మిత్రుల్ని అడిగి చూడండి. వాళ్ళని ఎక్కువగా విసిగించేది ఇంజను కాదు, నెత్తి మీద గుడ్డ! వోల్వో 240 సంగతే తీసుకోండి. 1974 నుంచి 1993 దాకా తయారైన ఈ పెట్టెలాంటి కారు రెండు లక్షల మైళ్ళు తిరిగినా ఇంకా నడుస్తానంటుంది. కానీ చివరి సంవత్సరాల్లో వచ్చిన బళ్ళలో చాలావాటికి లోపలి కప్పు గుడ్డ, అంటే హెడ్‌లైనర్, గాలికి ఊగే షామియానాలా వేలాడుతుంటుంది. వెనక సీట్లో పిల్లలకు అదో ఆట. నడిపేవాళ్ళకు మాత్రం అద్దంలో వెనక వచ్చే బండి కనపడదు. కాబట్టి ఇది అందం కోసం చేసే రిపేరు కాదండీ.

నిజానికి ఇక్కడ పాడయింది గుడ్డ కాదు. గుడ్డకీ పైనున్న అట్టకీ మధ్య పల్చటి ఫోమ్ పొర ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎండకీ చెమ్మకీ అది పొడిపొడి అయిపోతుంది. మా ఐ.టి. వాళ్ళ భాషలో చెప్పాలంటే, ఎర్రర్ కనిపించేది ఒకచోట, బగ్ ఉండేది మరోచోట. గుండుసూదులు గుచ్చినా, సందులోంచి జిగురు పోసినా లాభం లేదు. జిగురు ఆ పొడినే పట్టుకుంటుంది, పొడి దేన్నీ పట్టుకోదు!

విజయవాడ ఆటోనగర్‌లో అయితే బండి అప్పజెప్పి టీ తాగి రావచ్చు. ఇక్కడ షాపువాడి కూలి వింటే మనమే చేసుకోవాలనిపిస్తుంది. సన్ వైజర్లు, పైనున్న లైటు, చేతిపిడులు విప్పి, అట్టను విరగకుండా బయటికి తియ్యాలి. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. పాత గుడ్డ సులువుగానే ఊడి వస్తుంది. అసలు పనంతా ఆ తర్వాతే. మిగిలిన ఫోమును బ్రష్‌తో పూర్తిగా గీకెయ్యాలి. మా గ్యారేజి నిండా శనగపిండి జల్లినట్టయింది. ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. అరచేత్తో రాస్తే పొడి అంటకూడదు, అప్పటిదాకా ఆపొద్దు.

కొత్త గుడ్డ ఫోమ్ అతికించినదే కొనండి. ఉత్త గుడ్డ వేస్తే అట్ట మీది ప్రతి గుంటా కనిపిస్తుంది. జిగురు కూడా వేడికి తట్టుకునే రకమే కావాలి. వేసవిలో ఎండలో నిలిపిన కారు లోపల 140 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోతుంది. మామూలు స్ప్రే ఆ వేడికి కరిగి మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంకో మాట. ఈ స్ప్రే ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. మనలో చాలామంది గ్యారేజీల్లో గ్యాసు వాటర్ హీటరు వెలుగుతూ ఉంటుంది. అందుకని ఈ పని ఆరుబయటే చెయ్యండి. గీకేటప్పుడు మా అమ్మాయి సాయం పట్టింది కానీ, స్ప్రే చేసేటప్పుడు ఇంట్లోకి పంపించేశాను.

గుడ్డను అట్ట మీద పరిచి, సగం వెనక్కి మడిచి, రెండువైపులా స్ప్రే చేసి, కాస్త బంక పట్టాక మధ్యలోంచి అంచులకు అరచేత్తో నిమురుతూ అతికించాలి. తర్వాత మిగతా సగం. చుట్టూ రెండు అంగుళాలు ఎక్కువ ఉంచి వెనక్కి మడవండి. లైటు కోసం పెట్టే కంత చివర్లో కోసుకోవచ్చు. ఒక రోజంతా ఆరనిచ్చి బిగించండి.

ఈ బళ్ళలో డాష్‌బోర్డు కూడా ఎండకి పగులుతుంది. దాని సంగతి వచ్చే సంచికలో.