‘యూరప్‌లో గెలిస్తే పన్ను లేదు’ అనే మాట నమ్మకండి

యూరోపియన్ యూనియన్ అంతా ఒకే మార్కెట్ కాబట్టి ఏ దేశపు కెసినోలో గెలిచినా, ఏ సైట్‌లో పందెం కొట్టినా పన్ను ఉండదని చెప్పేవాళ్లున్నారు. బెర్లిన్‌లోనో డబ్లిన్‌లోనో చదువుకుంటూ, ఉద్యోగాలు చేస్తూ ఫోన్‌లో పోకర్ ఆడే మన పిల్లలకు ఇది వినసొంపుగానే ఉంటుంది. ఆ మాటలో కాస్త నిజం ఉంది. జనం మోసపోతున్నది ఆ కాస్త నిజం వల్లే. గెలిచిన సొమ్మును విత్‌డ్రా చేయకముందే ఈ సంగతులు తెలుసుకోండి.

ఒక ఫిన్లాండ్ మహిళకు స్వీడన్ లాటరీలో పది లక్షల క్రోనాలు తగిలాయి. సొంత దేశపు లాటరీ అయితే ఆమె చేతినుంచి పన్ను కట్టే పని లేదు. పొరుగు దేశపు టికెట్ కావడంతో దాన్ని ఆదాయంగా లెక్కేసి పన్ను వేశారు. ఇది చెల్లదని లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం 2003 నవంబరులో తేల్చింది. స్పెయిన్ తన ప్రభుత్వ లాటరీకి, తన రెడ్‌క్రాస్ లాటరీకి మినహాయింపు ఇచ్చి, ఇతర సభ్య దేశాలలోని అలాంటి సంస్థల లాటరీలకు ఇవ్వకపోవడాన్ని 2009లో అదే న్యాయస్థానం తప్పుపట్టింది. 2014లో ఇటలీ వంతు వచ్చింది. తన కెసినోలలో గెలిస్తే పన్ను లేదు, పక్క దేశపు కెసినోలో గెలిస్తే ఉంది. నల్లధనాన్ని, జూద వ్యసనాన్ని అరికట్టడానికే ఇలా చేశామని ఇటలీ వాదించింది. వ్యసనం గురించి అంత బెంగ ఉంటే సొంత కెసినోలో గెలిచినవాడికి మినహాయింపు ఎందుకిచ్చినట్టు? కోర్టూ ఇంచుమించు అదే అడిగింది.

అయితే ఈ మూడు తీర్పుల్లో ఎక్కడా పన్ను వేయకూడదని లేదు. మీ దేశంలో గెలిచినవాడికి ఒక న్యాయం, పొరుగు సభ్య దేశంలో గెలిచినవాడికి ఒక న్యాయం కుదరదన్నదే వాటి సారం. దాన్ని పాటించడానికి ప్రభుత్వం ముందు రెండు దారులుంటాయి: ఇద్దరినీ వదిలెయ్యడం, లేదా ఇద్దరి దగ్గరా వసూలు చేయడం. స్పెయిన్ 2013లో రెండో దారి పట్టింది. ఆ లాటరీల బహుమతిపై ఇప్పుడు 40,000 యూరోలు దాటిన మొత్తానికి 20 శాతం కట్టాలి. ఆన్‌లైన్ పోకర్ సంగతి వేరు. ఆ లాభం జీతంతో కలిసి శ్లాబుల లెక్కలోకి పోతుంది. ఒకే దేశంలో, ఒకే మనిషి గెలుపుకు రెండు లెక్కలన్నమాట.

ఇక ఇతర దేశాల తీరు ఎవరిది వారిదే. జూదం గెలుపులపై యూనియన్ మొత్తానికీ వర్తించే ఒకే పన్ను చట్టం లేదు. ఐర్లాండ్ సరదాగా ఆడి గెలిచినవాడిని అడగదు. జర్మనీ లాటరీ టికెట్‌ను వదిలేస్తుంది గానీ, పోకర్‌నే వృత్తిగా ఆడేవాడి సంపాదనను వ్యాపార ఆదాయంగా చూస్తుంది. అక్కడి అత్యున్నత పన్నుల న్యాయస్థానం 2015లో దాన్ని సమర్థించింది. నెదర్లాండ్స్‌లో లాటరీ బహుమతి 449 యూరోలు దాటితే పన్నే. 2025లో రేటు 34.2 శాతం. విదేశీ ఆటలో గెలిస్తే ఆ దేశ నివాసి తానే రిటర్ను దాఖలు చేయాలి. నిర్వాహకుడు కోసుకున్నాడులే అని కూర్చుంటే కుదరదు.

కాబట్టి సైట్ ఎక్కడిదన్నది తర్వాతి ప్రశ్న. పన్ను లెక్కల్లో మీరు ఏ దేశ నివాసి అన్నది మొదట తేల్చుకోవాలి. ఆ తర్వాత లైసెన్సు చూడండి. మాల్టా సభ్య దేశం. కురసావ్ నెదర్లాండ్స్ రాజ్యంలో భాగమే అయినా యూనియన్ ఒకే మార్కెట్‌లో లేదు. ఎన్నో ఆన్‌లైన్ కెసినోలు అక్కడి లైసెన్సుతోనే నడుస్తాయి. బ్రిటన్ 2020 చివరితో ఆ మార్కెట్ నుంచి తప్పుకుంది. యూరోమిలియన్స్ టికెట్లు అమ్మే స్విట్జర్లాండ్ అసలు సభ్యురాలే కాదు. ఇలాంటి చోట్ల గెలిచి పై తీర్పులను అడ్డం పెట్టుకుంటే పన్ను అధికారి ఒప్పుకుంటాడని ఆశపడొద్దు.

క్రిప్టోలో తీసుకుంటే ఎవరికీ తెలియదనే సలహా మరీ ప్రమాదం. యూనియన్ కొత్త నిబంధనల ప్రకారం 2026 జనవరి 1 నుంచి క్రిప్టో సంస్థలు ఖాతాదారుల లావాదేవీల వివరాలు సేకరించి పన్ను శాఖలకు అందించాలి. బ్యాంకు ఖాతాల సమాచారాన్ని ఇతర దేశాలతో ఏటా ఇచ్చిపుచ్చుకోవడం మన దేశం 2017లోనే మొదలుపెట్టింది.

ఇంటికి తిరిగొచ్చినవాళ్లకు ఇంకో మెలిక ఉంది. పన్ను చట్టం దృష్టిలో పూర్తి స్థాయి భారత నివాసి అయ్యాక, ఎక్కడ గెలిచినా ఇక్కడ చూపాల్సిందే. లాటరీ, పందేల గెలుపుపై 30 శాతం, ఆపైన సెస్సు. దాచిపెట్టి దొరికితే 2015 నల్లధనం చట్టం కింద 30 శాతం పన్ను, దానికి మూడింతల జరిమానా. కలిపితే గెలిచినదానికన్నా కట్టేది ఎక్కువ! హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని విదేశీ లాటరీ టికెట్ల కోసం డబ్బు పంపడమైతే విదేశీ మారక నిబంధనల ప్రకారం నిషిద్ధం.

ఇప్పటికే గెలిచి ఉంటే సైట్ లైసెన్సు నంబరు, డిపాజిట్లు, విత్‌డ్రాయల్స్, పోగొట్టుకున్న మొత్తాలు, అన్నీ ఖాతా మూతపడకముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నష్టాన్ని లాభంలోంచి తీసేసే వీలు కొన్ని దేశాల్లో ఉంది, కాగితం చూపితేనే. రిటర్ను గడువుకు ముందే అక్కడి పన్ను సలహాదారును కలవండి.

టికెట్ కొనకుండానే ‘యూరోపియన్ లాటరీ తగిలింది, ముందు పన్ను పంపండి’ అని మెయిల్ వస్తే మాత్రం ఏ సలహాదారూ అక్కర్లేదు. బహుమతి ఇవ్వడానికి ముందు పన్ను పంపమని అసలైన లాటరీ సంస్థ అడగదు. మన దేశంలో ఉండి ఆ డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకు చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.