కూలకుండా ఆగింది సరే... మరి నిలబడేదెలా?

మా చెల్లెలి కూతురు అమీర్‌పేట హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటోంది. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడు అడిగింది: "పెద్దమ్మా, మెట్రోలో పంజగుట్ట దాటగానే ఎర్రమంజిల్ అని రోజూ వింటాను. అసలా మంజిల్ ఎక్కడుంది?"

నిజమే! స్టేషనుకి పేరిచ్చిన మేడ ఆ దగ్గర్లోనే గుట్ట మీద ఉంది. కింద రోడ్డు మీద తిరిగే మనలో ఎంతమందిమి తలెత్తి చూశాం?

నిజాం కొలువులో పెద్ద పదవులు చేసిన నవాబు ఫక్రుల్ ముల్క్ ఈ మేడని 1870 ప్రాంతంలో కట్టించారంటారు. పారశీకంలో 'ఇరం' అంటే స్వర్గం. మనవాళ్ళ నోట అది 'ఎర్ర' అయి కూర్చుంది! నూటయాభైకి పైగా గదులు, గుర్రపుశాలలు, పోలో మైదానం... అంత వైభవం చూసిన మేడ తర్వాత ప్రభుత్వం చేతికొచ్చి ఆఫీసులైంది.

2019 జూన్ 18న రాష్ట్ర మంత్రివర్గం అక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని నిర్ణయించింది. పాత మేడను కూల్చేయాలన్నమాట. ఆ నెలలోనే శంకుస్థాపన కూడా జరిగిపోయింది. పాత కట్టడాలకు రక్షణ ఇచ్చే నగర నిబంధనని 2015 డిసెంబరులోనే తీసేశారు కాబట్టి అడ్డేమీ లేదనుకున్నారు. నవాబు వారసులు, నగరం మీద మమకారమున్న పౌరులు కోర్టుకెక్కారు. సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది.

అమ్మయ్య అనుకున్నాం. అంతటితో మర్చిపోయాం కూడా! అక్కడే ఉంది చిక్కు. కోర్టు గునపాన్ని ఆపగలదు గానీ వానని ఆపలేదు కదా! పాత సున్నం గోడలోకి నీరు దిగినా, పగుల్లో రావిమొక్క వేళ్ళూనినా మేడ దానంతటదే కూలుతుంది. దానికి ఏ మంత్రివర్గ నిర్ణయమూ అక్కర్లేదు.

ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న బల్కంపేట ఎల్లమ్మ గుడి చూడండి. నేలమట్టానికి దిగువన కొలువైన ఆ తల్లి కల్యాణానికి ఆషాఢంలో జనం పోటెత్తుతారు. ఆ గుడిని కాపాడమని ఎవరూ కోర్టుకెళ్ళక్కర్లేదు. పసుపు కుంకుమలతో వచ్చే ఆడవాళ్ళే దానికి కాపలా. జనం రాకపోకలున్న చోటు నిలుస్తుంది. ఎర్రమంజిల్‌కి లోటు అదే.

"క్లాసుకీ క్లాసుకీ మధ్య గంట ఖాళీ దొరికితే ఎక్కడ కూర్చుంటారే?" అనడిగాను మా పిల్లని. "ఎక్కడుంది పెద్దమ్మా చోటు? టీ బండి దగ్గర నిలబడతాం" అంది. పరాయి ఊళ్ళనుంచి చదువుకోవడానికొచ్చిన ఇంతమంది ఆడపిల్లలకి నీడపట్టున ఓ బెంచీ కరువు! గుట్ట మీదేమో ప్రజల సొత్తయిన మేడ, చుట్టూ ఆవరణ. మరమ్మతు చేసి కొన్ని గదుల్లో గ్రంథాలయం పెడితే? చెట్ల కింద బెంచీలు, శుభ్రమైన మరుగుదొడ్డి ఏర్పాటు చేస్తే? అసెంబ్లీ కట్టడానికి డబ్బు దొరుకుతుందనుకున్న సర్కారుకి ఇదేమంత భారం?

మీ పిల్లలకి కూడా ఓసారి ఆ మేడ చూపించండి. మీ కార్పొరేటరు, ఎమ్మెల్యే ఓట్లకి గుమ్మం ముందుకొచ్చినప్పుడు రోడ్డు, నీళ్ళతోపాటు దీని సంగతీ అడగండి. మన నోట పేరొక్కటే మిగిలి, మేడ లేకుండా పోకూడదు కదా!