నునుపు చేసిన చేతులకి పేరు లేదా?

మాచర్ల దగ్గరి దుర్గి రాతిబొమ్మలకి భౌగోళిక గుర్తింపు ఉంది. మంచిదే. అయితే ఈ కళ గురించి ఎవరు మాట్లాడినా "తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి" అనే చెప్తారు. ఈ వరసలో తల్లులూ కోడళ్లూ ఎక్కడున్నారు?

ఆ మధ్య ఆ వైపు ఒక శిల్పశాలకి వెళ్లాను. మగవాళ్ల చేతుల్లో ఉలీ సుత్తీ ఉన్నాయి. ఒకామె నీళ్లు చల్లుకుంటూ అమ్మవారి విగ్రహం చెక్కిళ్లని సానరాయితో రుద్దుతోంది. పక్కన ఎనామిల్ రంగు డబ్బాలు. ఎన్నేళ్లుగా చేస్తున్నారీ పని అనడిగాను. "నేనేం చేస్తాను మేడం, శిల్పం మా ఆయనది. నేను రుద్దుతా, రంగులేస్తా, అంతే" అంది.

ఆ "అంతే" దగ్గరే నా పేచీ. ఉలిదెబ్బ కళ, నునుపు చెయ్యడం సాయం అని విడదీసిందెవరు? గరుకు విగ్రహాన్ని ఎవరైనా కొంటారా? రాతిధూళికి మాత్రం ఈ తేడా తెలీదు. ఇద్దరి ఊపిరితిత్తుల్లోకీ సమానంగానే పోతుంది.

ఈ నేల మీద రాతికి ఆడపేరు కొత్త కాదు. మాచర్లకి దగ్గర్లోనే నాగార్జునకొండ ఉంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి అక్కడి మహాచైత్యానికి చేసిన దానాలు పల్నాటి సున్నపురాతి స్తంభాల మీద నేటికీ చదవొచ్చు. డబ్బు పెట్టిన రాజకుటుంబపు స్త్రీకి మూడో శతాబ్దంలోనే పేరు దక్కింది. చెయ్యి పెట్టిన స్త్రీకి ఇప్పటికీ దక్కదేం?

1999లో వచ్చి, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలవుతున్న భౌగోళిక సూచికల చట్టాన్ని ఒకసారి తీసి చూడండి. చేతివృత్తుల్లో ఉత్పత్తిదారు అంటే వస్తువుని తయారుచేసే వ్యక్తి అంటుంది. మగవాడని ఎక్కడా అనలేదు. పైగా ఆ వస్తువుతో వ్యాపారం చేసేవాళ్లని కూడా ఆ మాట కిందికే తెచ్చింది. అంటే రాయిని ముట్టుకోకుండా అమ్ముకునేవాడు ఉత్పత్తిదారు కావచ్చు. పొద్దస్తమానం రాయిని రుద్దే ఆమె మాత్రం "ఇంట్లో మనిషి"గా మిగిలిపోవాలి!

రిజిస్టరు "బి" భాగంలో అధీకృత వినియోగదారుల పేర్లు రాస్తారు. అందులో ఆమె పేరు కూడా విడిగా రాయాలి. చేతివృత్తి గుర్తింపు కార్డు, శిక్షణ, అప్పు ఆమె పేరునా ఇవ్వాలి. బొమ్మ అమ్మిన డబ్బులో ఆమె పనికి ఇంత అని లెక్క కట్టి ఆమె చేతికే ఇవ్వాలి. ఇవన్నీ జరిగేలోపు మనమైనా, బొమ్మ బేరమాడేటప్పుడు, దీన్ని నునుపు చేసిందెవరని అడుగుదాం.