కాటు పొలంలో, మందు పట్నంలో

నిరుడు నాట్ల రోజుల్లో మా సంఘంలో వున్న వొక ఆడకూలీని రక్తపింజరి కరిచింది. పొద్దున్నే నారుకట్టలు గట్టుమీద అందుకుంటుండగా జరిగింది. మేస్త్రి, ఆమె కొడుకు కలిసి మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. నర్సమ్మ వున్నది, డాక్టరు లేడు. మందు బీరువాలో వున్నదిగాని ఎక్కించడానికి భయపడ్డారు. వికటిస్తే యెవరు చూస్తారని వాళ్ళ గోల. పట్నానికి చీటీ రాసిచ్చారు. పట్నం చేరేసరికి నాలుగు గంటలు దాటింది. ప్రాణం దక్కింది. మూత్రపిండాలు చెడి వారాల తరబడి డయాలిసిస్ మీద వున్నది. ఆ యింటికి వొక్కటే పాడిగేదె వుండేది, దాన్ని అమ్మేశారు.

ఇదేదో వింత సంగతని చెప్పడం లేదు. దేశంలో పాముకాటుతో యేడాదికి సుమారు 58 వేల మంది చనిపోతున్నారని, 2000 నుంచి 2019 వరకు పోయినవాళ్ళు 12 లక్షలని 2020లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అందులో సగం చావులు జూన్, సెప్టెంబరు మధ్యనే. అంటే యేమిటి? దుక్కి, నాట్లు, కలుపు. పెద్ద వాటా మోసిన యెనిమిది రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వొకటి. చనిపోయినవాళ్ళలో యెక్కువమంది ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు కాబట్టి సర్కారు పుస్తకాల్లో వాళ్ళ పేర్లు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గాని దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల పట్టీలో చేర్చలేదు. నిర్లక్ష్యం చేసిందెవరో ఆ పట్టీలో రాయరు.

యీ మధ్య బెంగుళూరు నుంచి వొక పరిశోధకురాలు, హైదరాబాదు మందుల కంపెనీలో పనిచేసే వొక కుర్రవాడు మా వైపు వచ్చారు. యిద్దరూ పాము విషం మీదనే పని చేస్తున్నవాళ్ళు. వొక సాయంత్రం సంఘం ఆఫీసులో చాపలేసుకుని కూర్చున్నాం. మేము యేడో తరగతితో బడి మానినవాళ్ళం. జన్యువులు, ప్రోటీన్లు అంటే మా వూరి టీచరుగారి చేత చదివించుకుని, అర్థంకానిది రెండుసార్లు అడిగి నేర్చుకున్నవాళ్ళం. అందుకని సిగ్గుపడకుండా అడిగాం. ఆ అమ్మాయి కూడా విసుక్కోకుండా చెప్పింది.

యిప్పుడు మనకు ఎక్కించే మందు ఎట్లా తయారవుతుంది? గుర్రానికి పాము విషం కొద్దికొద్దిగా, నెలల తరబడి ఎక్కిస్తారు. గుర్రం చావదు; దాని నెత్తురులో విరుగుడు పుడుతుంది. ఆ నెత్తురు తీసి, శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. సుమారు 130 యేళ్ళ కిందట ఫ్రాన్సులో కాల్మెట్ మొదలుపెట్టిన పద్ధతి యిది, మూలంలో పెద్దగా మారలేదు. మన దేశంలో వొకే మందు నాలుగు పాములకు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. వొక మిల్లీలీటరు మందు నాగుపాము విషాన్ని 0.6 మిల్లీగ్రాము, కట్లపాము విషాన్ని 0.45 మిల్లీగ్రాము మాత్రమే విరిచేస్తుంది. అందుకే వొక్క మనిషికి పది సీసాలు, ఒక్కొక్కప్పుడు యిరవై కూడా పడతాయి. గుర్రపు సరుకు మనిషి వొంట్లోకి పోతే కొందరికి దద్దుర్లు లేచి, ఊపిరాడక ప్రాణంమీదికి వస్తుంది. మన ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ భయపడింది దీనికే. ఆమెను తిట్టి లాభం లేదు. ఆ వికటింపును ఆపే ఇంజెక్షను పక్కన పెట్టుకుని ఎట్లా ఎక్కించాలో ఆమెకు యెవరూ నేర్పలేదు. నేర్పవలసిన డాక్టరు ఖాళీ అట్లాగే వున్నది.

ఆ విషం తీసేదెవరని అడిగితే ఆ అమ్మాయి చెప్పింది మాకు బాగా నచ్చింది. దేశంలో యీ మందుకు వాడే విషంలో యెక్కువ భాగం తమిళనాడులోని ఇరుళ గిరిజనులు తీసేదే. 1972 వన్యప్రాణి చట్టం తరువాత పాము తోళ్ళ వ్యాపారం మూతబడి వాళ్ళ బతుకుతెరువు పోయింది. 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి కొన్ని వారాలు వుంచుకుని, విషం పిండి, తిరిగి వదిలేస్తారు. 2023లో వాళ్ళలో వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌లకు పద్మశ్రీ యిచ్చారు. కూలీల ప్రాణాలు కాపాడే మందుకు మొదటి చెయ్యి కూలీలదే.

చిక్కు కూడా అక్కడే వున్నది. తమిళనాడు పాము విషం, రాజస్థాన్ పాము విషం వొకటి కాదు. జాతి వొకటైనా తిండీ, నేలా మారితే విషం పాళ్ళు మారతాయి. వొకచోటి విషంతో చేసిన మందు వేరేచోట సరిగ్గా పనిచెయ్యడం లేదని బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కార్తీక్ సునగర్ బృందం కొన్నేళ్ళుగా చూపిస్తున్నది. యిది వినగానే మా ముసలి మేస్త్రి "వొకవూరి విత్తనం ఇంకోవూరి నేలకు సరిపడకపోవడం మాకు తెలియదా" అన్నాడు.

యిక కొత్త సంగతులు. 2020లో మన నాగుపాము జన్యువుల మొత్తం పటం గీశారు. దాని విషగ్రంథిలో ప్రత్యేకంగా పనిచేసే 19 విషపు జన్యువులను గుర్తుపట్టారు. శత్రువు చిరునామా దొరికిందన్నమాట. 2024లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థవాళ్ళు, బెంగుళూరువాళ్ళు కలిసి గుర్రంతో పనిలేకుండా, మనిషి ప్రతిరక్షకం వొకదాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. నాగుపాము, కట్లపాము కుటుంబపు విషాల్లో వుండే వొక ముఖ్యమైన సరుకును అది ఎలుకల్లో ఆపింది. 2025 జనవరిలో, అంతకు ముందు యేడు రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన డేవిడ్ బేకర్ బృందం కంప్యూటరు మీద గీసిన చిన్న ప్రోటీన్లతో అదే పని చేసి చూపింది. యిట్లాంటివాటిని పెద్ద పెద్ద తొట్లలో సూక్ష్మజీవుల చేత, కణాల చేత పెంచుతారట. కల్లుకుండలో పులుపు పెరిగినట్టే ననుకోండి, మరింత శుభ్రంగా. గుర్రపు నెత్తురు కాదు గనక వికటించే భయం బాగా తగ్గుతుందని వాళ్ళ ఆశ.

అన్నిటికన్నా మావాళ్ళను ఆకట్టుకున్న కథ టిమ్ ఫ్రీడీ అనే అమెరికన్ మెకానిక్‌ది. ఆయన సుమారు 18 యేళ్ళపాటు తన వొంట్లోకి తానే విషం ఎక్కించుకుంటూ, పాముల చేత వందలసార్లు కరిపించుకున్నాడు. ఆయన నెత్తురులోంచి తీసిన రెండు ప్రతిరక్షకాలకు, వరెస్‌ప్లాడిబ్ అనే మందు కలిపి యిస్తే 19 జాతుల పాముల విషాన్ని ఎలుకలు పూర్తిగానో కొంతవరకో తట్టుకున్నాయని 2025 మేలో ప్రకటించారు. ఆ వరెస్‌ప్లాడిబ్‌ను బిళ్ళగా చేసి మనుషుల మీద అమెరికాలోనూ మన దేశంలోనూ పరీక్షించారు. అనుకున్నంత స్పష్టమైన ఫలితం రాలేదుగాని, తొందరగా మింగినవాళ్ళలో కొంత మేలు కనిపించిందన్నారు. గట్టుమీద, మేస్త్రి సంచిలో పెట్టుకోదగిన బిళ్ళ! ఆ మాటకే మా ఆఫీసులో అందరూ ముందుకు జరిగారు.

అప్పుడు మా సంఘంలో అందరికంటే పెద్దామె, నలభై యేళ్ళు నాట్లేసి నడుము వంగినామె, అడిగింది:

"అమ్మాయీ, నువ్వు చెప్పినవన్నీ నాగుపాముకీ కట్లపాముకీ. మరి రక్తపింజరికో?"

ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత దాచకుండా చెప్పింది. "లేదు పెద్దమ్మా. ఆ ప్రతిరక్షకాలు పింజరి మీద పనిచెయ్యవు. దాని విషం తీరే వేరు. దాని మీదా పని జరుగుతోంది, కాని అంత ముందుకు రాలేదు."

"మా చేలల్లో యెక్కువ కరిచేది అదే గదమ్మా!"

నిజమే. పేరు తెలిసిన కాట్లలో దేశం మొత్తానికీ పెద్ద వాటా రక్తపింజరిదే. నెత్తురు గడ్డకట్టనివ్వదు. చిగుళ్ళనుంచీ మూత్రంలోనూ నెత్తురు పోతుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి. దాన్ని కనుక్కోవడానికి యేమంత యంత్రం కూడా అక్కర్లేదు: గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు పోసి యిరవై నిమిషాలు కదపకుండా వుంచి వంచి చూడటమే. గడ్డకట్టకపోతే మందు మొదలెట్టాలి. మా ఆరోగ్య కేంద్రంలో ఆ గాజు గొట్టం వున్నదో లేదో మేము పోయి చూశాం. ప్లాస్టిక్కువి వున్నాయి. గాజువి లేవు. ప్లాస్టిక్కులో ఆ పరీక్ష పనికిరాదు.

కంపెనీ కుర్రవాణ్ణి ధర గురించి అడిగాం. మంచివాడే, తప్పించుకోలేదు. "అన్నా, కరిచేది పేదవాళ్ళని. కొనేది సర్కారు. సర్కారు తక్కువ ధరకే టెండరు పిలుస్తుంది. కొత్త మందు మీద కోట్లు పెట్టినవాడికి తిరిగి రావాలిగదా" అన్నాడు. యీ 'తిరిగి రావడం' సంగతి మాకు తెలియనిదేమీ కాదు. ఆఫ్రికాలో పది జాతుల పాములకు పనికొచ్చే ఫావ్-ఆఫ్రిక్ అనే మంచి మందుండేది. లాభం లేదని సనోఫీ కంపెనీ 2014లో దాని తయారీ ఆపేసింది. ఆఖరి సీసాలకు 2016 జూన్‌లో గడువు తీరింది. మందు పనిచెయ్యక ఆపలేదు. కొనేవాడి జేబు పనిచెయ్యక ఆపారు.

దీనికి యెదురు ఉదాహరణ మన హైదరాబాదులోనే వున్నది. హెపటైటిస్-బి టీకా విదేశాలనుంచి వచ్చిన రోజుల్లో వొక మోతాదు వందల రూపాయలు పలికేది. వరప్రసాద్ రెడ్డి అనే ఇంజనీరు, డాక్టరు కూడా కాదు, 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, మన శాస్త్రవేత్తల చేతనే ఈస్టు కణాల్లో ఆ టీకాను పెంచి 1997లో బజారుకు తెచ్చాడు. ధర పడిపోయింది. యీనాడు కూలీ యింట పుట్టిన బిడ్డకు కూడా ఆ టీకా వుచితంగా పడుతున్నదంటే దాని వెనక ఆ ధర పడటం వున్నది. బయోటెక్నాలజీ అంటేనే మనకు పడనిదని యెవరైనా అనుకుంటే యీ సంగతి గుర్తుచెయ్యండి. ఆ తరువాత శాంతా 2009లో సనోఫీ చేతికే పోయిందనీ గుర్తుచెయ్యండి.

రైతులకు యీ పాఠం ఆసుపత్రికంటే ముందు పొలంలోనే దొరికింది. 2002లో బీటీ పత్తి వచ్చింది. 450 గ్రాముల పాకెట్టు 1,600 రూపాయలు దాటి అమ్మితే అందులో పెద్ద ముక్క విత్తనానిది కాదు, జన్యువుదట! 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ దాకా పోయి పోట్లాడి 750 రూపాయలకు దించింది. పత్తి కంపెనీలేవీ మూతబడలేదు. గట్టిగా అడిగితే జన్యువు ధర కూడా దిగుతుందని అప్పుడు తెలిసింది. మరి విరుగుడు జన్యువు ధర యెవరు అడగాలి? పత్తికి రైతు వున్నాడు, రైతుకు గొంతు వున్నది. పాముకాటుకు కూలీ వున్నాడు. వాడు కాటు తిన్న గంటలో ధర అడిగే స్థితిలో వుండడు.

అడగవలసిన సర్కారు యేం చేసిందో దివిసీమవాళ్ళు మరిచిపోలేదు. 2018 వానాకాలంలో అక్కడ కూలీలను వరసగా పాములు కరిచాయి. అవనిగడ్డ ఆసుపత్రి నిండిపోయింది. ఆగస్టులో మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం చేయించారు. యెవరి నమ్మకం వాళ్ళది, మావాళ్ళూ పుట్టలో పాలు పోస్తారు. కాని సర్కారు చెయ్యవలసిన పని పాలు పొయ్యడం కాదు. 2024 మార్చిలో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి 2030కల్లా చావులు సగం చేస్తామన్నది. ఆ నవంబరులో, ప్రతి పాముకాటునూ తప్పక నమోదు చేసేట్టు చూడమని రాష్ట్రాలకు లేఖలు రాసింది. మంచిదే. నమోదు చేసేవాడు ఆరోగ్య కేంద్రంలో వుండాలి కదా. కొత్త మందు వచ్చేదాకా పాతమందయినా మొదటి గంటలోనే, అక్కడే, పది సీసాలూ ఎక్కించి పట్నానికి పంపే యేర్పాటు కావాలి. మన రాష్ట్రాల పాముల విషం మన దగ్గరే తీసే కేంద్రం కావాలి, ఇరుళవాళ్ళలాగా పనివాళ్ళ సహకార సంఘం చేతిలో. కొత్తమందు పరిశోధనకు ప్రజల డబ్బు పెట్టేటప్పుడు ధర మాట ముందే రాసుకోవాలి.

ఆ రోజు వొక సరదా వాదన కూడా జరిగింది. కుర్రవాడు "పొలంలో గమ్ బూట్లు వేసుకుంటే సగం కాట్లు తప్పుతాయన్నా" అన్నాడు. మావాళ్ళు నవ్వారు. దమ్ముచేసిన మడిలో బూటు దిగబడితే కాలొక్కటే పైకి వస్తుంది. మర్నాడు అతన్నే దింపి చూపించాం, వొక బూటు యిప్పటికీ ఆ మడిలోనే వున్నది. పత్తి చేలో, చెరుకు తోటలో, గడ్డివాముల దగ్గర బూట్లు పనికొస్తాయని మాత్రం వొప్పుకున్నాం. కట్లపాము సంగతి వేరు. రాత్రి నేలమీద పడుకున్నవాళ్ళను నొప్పి తెలియకుండా కరుస్తుంది. మంచమూ, చుట్టూ దోపిన దోమతెరా దానికి మంచి అడ్డు. కూలి రేటు బేరంలో దోమతెర అడగాలని మాకు యిన్నాళ్ళూ తట్టలేదు.

పోయేముందు ఆ అమ్మాయి అడిగింది, మీ మండలంలో యే నెలలో, యే పనిలో యెక్కువ కాట్లు పడతాయని. యెవరికీ లెక్క తెలియదు. అందుకని సంఘం కూలి లెక్కల పుస్తకం వెనక పేజీల్లో గళ్ళు గీశాం: తేదీ, చేను, చేస్తున్న పని, యే పాము, ఆసుపత్రి చేరిన గంట, మందు ఎక్కించిన గంట. మొదటి పేరు నిరుడు కరిచినామెది. తానే నడిచి వచ్చి దగ్గర కూర్చుని రాయించింది. ఆఖరి రెండు గళ్ళ మధ్య యెంతసేపో నిమిషాలతో సహా చెప్పింది.